చిన్న డాక్టరు కేసు

పెద్ద డాక్టరు మణికట్టు ఇంకా కోడలి గుప్పిట్లోనే ఉంది.

పోయినవారం మనం ఆ గుర్రపుశాల గుమ్మం దగ్గర నుంచి వచ్చేసేటప్పటికి సంగతి అక్కడికొచ్చి ఆగింది. స్వారీ నేర్పే బడిలో అందరికీ ముద్దుల గుర్రం కాటుక. పేరుకు తగ్గట్టు ఒళ్ళంతా నలుపే. పొద్దున పరుగుకు వెళ్ళి తిరిగొస్తూ ఉన్నట్టుండి నిలిచిపోయింది. చెమటలు ధారలు కట్టాయి. వెనక కాళ్ళు కర్రల్లా బిగుసుకున్నాయి. స్వారీ టీచరు కంగారుగా ఫోను చేస్తే మామా కోడలూ ఒకే జీపులో పరుగెత్తుకొచ్చారు. మామగారు పేరుమోసిన పశువైద్యుడు, ఊరంతా ఆయన్ని పెద్ద డాక్టరంటుంది. కోడలూ పశువైద్యురాలే. ఆ ఇంట అడుగుపెట్టిన రోజు నుంచి ఆమె చిన్న డాక్టరు. పెద్దాయన గుర్రాన్ని చూస్తూనే నొప్పీ వాపూ తగ్గించే మందు సిరంజిలోకి ఎక్కించి మెడ దగ్గరికి తీసుకెళ్ళాడు. అందరూ చూస్తుండగా కోడలు ఆ చెయ్యి పట్టుకుని ఆపేసింది.

"అమ్మాయ్, చెయ్యి వదులు," అన్నాడు పెద్ద డాక్టరు.

గొంతు పెంచలేదు. కాపురానికి వచ్చిన కొత్తలో చిన్న డాక్టరు మొట్టమొదట నేర్చుకున్న విషయం అదే. మామగారు అరిస్తే భయపడక్కర్లేదు. నెమ్మదిగా మాట్లాడితేనే భయపడాలి.

ఆమె చెయ్యి వదిలింది. వదిలి పక్కకు మాత్రం తప్పుకోలేదు. ఆయనకూ గుర్రానికీ మధ్యకొచ్చి నిలబడింది.

"ఆ మందు ఇప్పుడొద్దు మామయ్యగారూ."

"ఇప్పుడు కాకపోతే ఇంకెప్పుడు? అది నొప్పితో అల్లాడిపోతోంది, కనబడట్లేదా నీకు?"

"కనబడుతోంది. ఒకసారి దీని తొడ పట్టుకుని చూడండి."

"చూశాను. రాయిలా ఉంది. ఈ బిగుసుకుపోయే జబ్బు నువ్వు పుట్టకముందు నుంచీ చూస్తున్నా. ఇదే మందుతో ఎన్ని గుర్రాల్ని లేపానో ఈ ఊళ్ళో ఎవర్నడిగినా చెబుతారు."

"లేపారు. కాదనట్లేదు. వాటి ఒంట్లో నీళ్ళున్నాయి, లేచాయి." ఆమె కాటుక మెడమీద చర్మాన్ని రెండు వేళ్ళతో పట్టి లాగి వదిలింది. లాగిన చర్మం వెంటనే వెనక్కి పోలేదు. చిన్న గుడారంలా అలాగే నిలబడి, తీరిగ్గా కిందికి దిగింది. "చూశారా? పెదవి ఎత్తి చిగుళ్ళు చూడండి, ఎండిపోయి అట్టకట్టాయి. ఉన్న నీళ్ళన్నీ చెమటలో పోయాయి."

పెద్ద డాక్టరు వంగి చిగుళ్ళు చూశాడు. సిరంజి మాత్రం దించలేదు.

"కండ లోపల్లోపల చితికిపోతోంది. చితికిన కండలోని రంగంతా రక్తంలో కలుస్తోంది. దాన్ని వడకట్టాల్సింది మూత్రపిండాలే కదా. నీళ్ళు లేక అవి ఇప్పటికే నానా తంటాలూ పడుతుంటాయి. దానికి తోడు మీ మందు వాటికి వెళ్ళే రక్తాన్ని ఇంకా తగ్గిస్తుంది. సాయంత్రానికల్లా నొప్పి తగ్గుతుంది మామయ్యగారూ. కానీ మూత్రపిండాలు పోతాయి. అవి పోయాక నొప్పి తగ్గి ఏం లాభం?"

"నొప్పి ఉంచితే మాత్రం ఏం లాభం?" అన్నాడాయన చప్పున. "నొప్పికి బిగపడుతుంది, బిగపట్టేకొద్దీ ఇంకా చితుకుతుంది. అది చెప్పలేదా మీ కాలేజీలో?"

ఆ మాటలో నిజం ఉంది. చిన్న డాక్టరుకు తెలుసు.

"అందుకే నొప్పికి వేరే మందు ఇద్దాం. కొంచెం మత్తుగా ఉంచేది. దానికీ మూత్రపిండాలకూ పేచీ లేదు. సెలైన్ ధారగా ఎక్కిద్దాం. కండ బిగువు సడలించే మందు నరంలోకి నెమ్మదిగా వెళ్ళనిద్దాం. మూత్రం తేటపడ్డాక మీ ఇంజెక్షన్ మీ చేత్తోనే వెయ్యండి. నేనే దగ్గరుండి వేయిస్తాను."

అప్పటిదాకా గోళ్ళు కొరుక్కుంటూ నిలబడ్డ స్వారీ టీచరు ఇక ఉండబట్టలేకపోయింది. కాటుకను పిల్లగా ఉన్నప్పటి నుంచి సీసాతో పాలు పట్టి పెంచిన మనిషి ఆవిడ. మోకాళ్ళ దాకా బూట్లు, బుగ్గమీద ఎప్పుడో గుర్రం మీంచి పడ్డప్పటి మచ్చ, ఎవరికీ లొంగని గొంతు. ఆ గొంతు ఇప్పుడు వణికింది.

"డాక్టరుగారూ, మీరిద్దరూ తేల్చుకునేలోపు నా గుర్రం నాకు దక్కేలా లేదు. మీ చెయ్యి పడితే చాలని ఫోను చేశాను. మీరు వేసెయ్యండి. చిన్నమ్మాయి చెప్పేది తర్వాత తీరిగ్గా విందాం."

చిన్నమ్మాయి.

ఆ మాట చిన్న డాక్టరుకు కొత్త కాదు. ఆస్పత్రి గుమ్మంలో పిల్లిని చంకనేసుకుని వచ్చేవాళ్ళూ, బర్రెను తోలుకొచ్చేవాళ్ళూ లోపలికి తొంగిచూసి, "పెద్ద డాక్టరుగారు లేరా? అయితే మళ్ళీ వస్తాంలే," అనేవాళ్ళు. ఆమె నవ్వి ఊరుకునేది. కాలేజీలో పెద్ద పశువుల వైద్యం ఎంచుకున్న ఒకే ఒక్క ఆడపిల్ల ఆమె. "హాయిగా కుక్కపిల్లలకు సూదులేసుకోక నీకెందుకమ్మా ఈ డెక్కల గోల?" అని తోటివాళ్ళు ఆటపట్టిస్తే అప్పుడూ నవ్వి ఊరుకుంది. ఇంట్లో అమ్మ మిషను మీద వంగి యూనిఫారాలు కుడుతూ చదివించింది. అలాంటి వెక్కిరింతలకు ఏడుస్తూ కూర్చునే తీరిక ఆ పిల్లకు ఉండేది కాదు. కానీ ఆ కాలేజీలోనే ఒకరోజు, చచ్చిపోయిన గుర్రాన్ని కోసి, దాని మూత్రపిండాన్ని అరచేతిలో పెట్టి చూపించారు మాస్టారు. బొగ్గులా నల్లబడి ఉంది. "జబ్బు దీన్ని చంపలేదు. జబ్బుకు తొందరపడి వేసిన మందు చంపింది," అన్నారాయన. ఆ ముద్ద బరువు ఆమె చేతికి ఇప్పటికీ గుర్తే.

ఇవాళ నవ్వి ఊరుకునే రోజు కాదు.

"మేడమ్," అంది టీచరు వైపు తిరిగి, "నేను చిన్నదాన్నే, ఒప్పుకుంటాను. నా మాట నమ్మమని అడగట్లేదు. ఇప్పుడే, ఇక్కడే, గొట్టం వేసి దీని మూత్రం తీస్తాను. తేటగా ఉంటే ఆ ఇంజెక్షన్ నేనే పొడుస్తాను, పొడిచి మామయ్యగారికి అందరి ముందూ క్షమాపణ చెబుతాను. రంగు మారి ఉంటే మాత్రం ఈ పూటకు నేను చెప్పినట్టు జరగాలి."

టీచరు పెద్దాయన వైపు చూసింది. పెద్దాయన కోడలి వైపు చూశాడు. ఆ చూపులో కోపం ఉందో, ఇంకేముందో ఆమెకు అంతుపట్టలేదు.

"సరే. తియ్యి," అన్నాడు.

నొప్పితో ఉన్న గుర్రం వెనక నిలబడటం ప్రాణాలమీదికి తెచ్చుకునే పని. ఎంత సాధువైనా ఆ బాధలో కాలు విసిరిందంటే డొక్క పగులుతుంది. చిన్న డాక్టరు తొడుగులు వేసుకుని, పక్కగా, కాటుక తొడకు తన భుజం ఆనించి నిలబడింది. దూరంగా ఉంటే దెబ్బ బలంగా తగులుతుంది, ఆనుకుని ఉంటే నెట్టుడే తప్ప దెబ్బ ఉండదు. ముందువైపు ఈలన్న తల పట్టుకున్నాడు. గుర్రాల పని చూసేది ఆయనే. నోట్లో ఎప్పుడూ ఏదో ఒక ఈల ఉంటుంది కాబట్టి సొంత పేరు ఎవరికీ గుర్తులేదు. ఆయన కాటుక చెవి దగ్గర నోరు పెట్టి, సన్నగా, జోలపాటలా ఈల వేయడం మొదలుపెట్టాడు. గుర్రం చెవులు అటు తిరిగాయి.

"బంగారుతల్లీ, నా తల్లీ, ఒక్క నిమిషం," అని గొణుగుతూ చిన్న డాక్టరు మెత్తటి రబ్బరు గొట్టాన్ని లోపలికి జార్చింది. కాటుక ఒళ్ళు ఒక్కసారి జలదరించింది. ఆమె భుజం మీద ఆ బరువంతా వాలింది. పళ్ళు బిగపట్టి నిలదొక్కుకుంది.

గొట్టం రెండో కొసన పట్టుకున్న గాజు జాడీలోకి ధార పడింది.

ఈల ఆగిపోయింది.

మరిగి మరిగి చిక్కబడ్డ టీ డికాక్షన్‌లా ఉంది అది. వెలుతురు కూడా దూరనంత ముదురు రంగు.

పెద్ద డాక్టరు జాడీ అందుకుని గుమ్మంలోకి, ఎండలోకి నడిచాడు. కళ్ళజోడు నుదుటిమీదికి తోసుకుని, జాడీని కళ్ళకెదురుగా ఎత్తి, అటూ ఇటూ వంచి చూశాడు. వాసన చూశాడు. మళ్ళీ ఎండకు పట్టి చూశాడు. ఆయన వీపు మాత్రమే కనబడుతోంది కోడలికి. తెల్లచొక్కా చెమటకు వీపుకు అంటుకుపోయి ఉంది. ఆ వీపుకేసి చూస్తూ ఆమె నిలబడింది. తను గెలిచిందని అప్పటికే తెలుసు. ఆ గెలుపును ఆయన ఎలా తీసుకుంటాడన్నదే తెలియదు. రేపటి నుంచి ఒకే ఇంట్లో, ఒకే ఆస్పత్రిలో ఆయన ఎదురుగా తిరగాలి.

ఆయన వెనక్కి వచ్చాడు. సిరంజిని చేతిలోకి తీసుకుని, మురుగుకాలవ మీదికి వంచి, మందు చివరి చుక్క దాకా బయటికి నొక్కేశాడు.

"సెలైన్ పెట్టు అమ్మాయ్," అన్నాడు.

టీచరు నోరు తెరిచింది. "అంటే డాక్టరుగారూ..."

"అంటే ఏమీ లేదమ్మా. నేను తొందరపడి పొడిచి ఉంటే నీ గుర్రాన్ని నా చేతులారా చంపుకునేవాణ్ణి." ఆయన నోటి నుంచి అలాంటి మాట టీచరు ఎన్నడూ విని ఉండదు. కోడలైతే కల్లోనైనా వినలేదు. "ఇక నన్నేమీ అడక్కు. ఈ కేసు చిన్న డాక్టరుది. ఆవిడ నీళ్ళు తెమ్మంటే నీళ్ళు తే, నిలబడమంటే నిలబడు. నాక్కూడా అదే వర్తిస్తుంది."

కళ్ళలో నీళ్ళు తిరిగాయి చిన్న డాక్టరుకు. తుడుచుకునే తీరిక లేక తల తిప్పుకుని సంచీ తెరిచింది.

"దీన్ని అడుగు కూడా కదిలించొద్దు. నడిపిస్తే కండ ఇంకా చితుకుతుంది," అంది. గొంతు తనదేనా అనిపించింది, అంత స్థిరంగా ఉంది. "మేడమ్, బకెట్లో వేడినీళ్ళు పోసి సెలైన్ సీసాలు ముంచి ఉంచండి, చల్లగా ఎక్కకూడదు. ఈలన్నా, వెనక భాగం మీద దుప్పటి కప్పు. అలా కాదు, తోక కింద దాకా రావాలి."

అంతా బాగానే ఉంది కానీ, అసలు చిక్కు అప్పుడు వచ్చింది. మెడనరం దొరకలేదు. నీళ్ళు లేని ఒంట్లో నరం చదునైపోయి ఎక్కడో లోపల దాక్కుంది. చిన్న డాక్టరు బొటనవేలితో నొక్కి చూసింది, పొడిచింది, రక్తం రాలేదు. చోటు మార్చి మళ్ళీ పొడిచింది. రాలేదు. కాటుక తల విదిలించింది. ఆమె మళ్ళీ వేలితో తడుముతూ వెతికింది.

పెద్ద డాక్టరు చూశాడు. సూది ఇటివ్వమని అనలేదు. దగ్గరికొచ్చి కళ్ళు మూసుకుని, గుర్రం మెడమీద అరచెయ్యి ఆనించి, చీకట్లో గోడమీద స్విచ్చి వెతుక్కుంటున్నట్టు నెమ్మదిగా కిందికి జరిపాడు. ఒకచోట ఆగాడు. బొటనవేలితో అదిమిపట్టాడు.

"నా వేలికి ఎగువన చెయ్యి పెట్టు. ఉబ్బుతోందా?"

ఆమె పెట్టింది. ముందేమీ తెలియలేదు. తర్వాత, తన వేళ్ళ కింద, మెత్తటి గొట్టంలాంటిది మెల్లగా నిండుతున్నట్టు తోచింది.

"ఉబ్బుతోంది మామయ్యగారూ."

"అదీ. పొడువు. నా వేలు తెగినా పర్లేదు, పొడువు."

పొడిచింది. ముదురు ఎరుపు రక్తం సూది చివర చిమ్మింది. ఈలన్న "హమ్మయ్య" అన్నాడు గట్టిగా, తర్వాత నోరు మూసుకున్నాడు. మామా కోడలూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఇద్దరి మొహాలమీదా గుర్రపు చెమట, గడ్డిపరకలు. ఆయన ముందు నవ్వాడు.

"నీ చదువు, నా వేలు," అన్నాడు. "రెండూ కలిస్తే గానీ ఈ మహాతల్లి దారికొచ్చేలా లేదు."

ఆ తర్వాత పని నెమ్మదిగా సాగింది. దూలానికి కట్టిన సీసాలు ఒకటి ఖాళీ అయితే ఇంకోటి మారుతూ పోయాయి. మత్తు మందు పడ్డాక కాటుక తల బరువుగా వాలింది, ముక్కుపుటాలు ఎగరేయడం తగ్గింది. కండ సడలించే మందును చిన్న డాక్టరు సిరంజితో చుక్కలు చుక్కలుగా, గడియారం చూసుకుంటూ పంపింది. తొందరపడితే గుర్రం కూలబడిపోతుంది. మధ్యమధ్యలో ఆమె తొడ నొక్కి చూడటం, ఆమె వెనకే ఆయన నొక్కి చూడటం. ఏమంటావు అన్నట్టు ఆయన కనుబొమ్మలెగరేస్తే ఆమె తల అడ్డంగా ఊపేది. ఇంకో సీసా. ఆయన అడిగేవాడు, ఆమె చెప్పేది. ఆ వరస మారిందని అక్కడున్న అందరికీ తెలుసు, ఒక్కరూ పైకి అనలేదు.

టీచరు టీ పట్టుకొచ్చింది. పళ్ళెం ముందు చిన్న డాక్టరు దగ్గరికే తెచ్చింది.

"ఇందాకటి మాట మనసులో పెట్టుకోకండి డాక్టరుగారూ," అంది.

డాక్టరుగారూ. ముందు చిన్న లేదు, వెనక అమ్మాయి లేదు. ఆమె కప్పు అందుకుంది. వేడి వేళ్ళకు తగులుతుంటే హాయిగా ఉంది.

"ఇకమీదట ఏ గుర్రానికి తుమ్మొచ్చినా ఫోను మీకే చేస్తాను," అంది టీచరు.

"అదిగో, నా ఎదురుగానే!" అన్నాడు పెద్ద డాక్టరు తన కప్పు ఊదుకుంటూ. "నేను అటు తిరిగేదాకా ఆగి అనొచ్చు కదమ్మా, కనీసం మర్యాదకైనా."

టీచరు నవ్వింది. ఆ పొద్దుకు ఆవిడ మొహాన అదే మొదటి నవ్వు.

ఎండ వాలి, శాల గోడమీది జీనుల నీడలు పొడుగ్గా సాగుతున్న వేళ కాటుక ఒళ్ళు విదుల్చుకుంది. తడిసిన కుక్కపిల్ల విదుల్చుకున్నట్టు, మెడ నుంచి తోకదాకా. తర్వాత ఎవరూ లాగకుండా, ఎవరూ అదిలించకుండా, వెనక కాలు ఎత్తి ఒక అడుగు వేసింది. ఇంకో అడుగు వేసి నీళ్ళ తొట్టెలో మూతి పెట్టింది. గుటకల చప్పుడు అందరికీ వినబడింది. కాసేపటికి మూత్రం పోసింది. ఇంకా రంగు ఉంది కానీ పొద్దుటి ముదురు కాదు, పలచబడింది. టీచరు గుర్రం మెడ కావిలించుకుని చిన్నపిల్లలా ఏడ్చేసింది.

పెద్ద డాక్టరు తొడమీద చెయ్యేసి అదిమి చూశాడు. "మెత్తబడింది," అన్నాడు. ఆ చేతిని కోడలి తలమీద పెట్టి, ఒక్క క్షణం ఉంచి, తీసేశాడు. మొహం కడుక్కోవాలంటూ బయటికి వెళ్ళిపోయాడు.

చిన్న డాక్టరు అలాగే నిలబడిపోయింది. తన పెళ్ళినాడు కూడా ఆయన అంత బరువుగా దీవించలేదు. ఇప్పుడే పరుగెత్తుకెళ్ళి మిషను దగ్గరున్న అమ్మకు చెప్పాలనిపించింది. అద్దంలో తన మొహం తనే చూసుకోవాలనిపించింది. మట్టికొట్టుకుపోయిన చొక్కా, చెదిరిన జుట్టు, ఇవి చాలు, ఇంతకంటే బాగా ఏనాడూ తయారవలేదనిపించింది.

బయట పంపు దగ్గర నుంచి పెద్ద డాక్టరు ఫోనులో మాట్లాడుతున్నది వినబడుతోంది. అవతల ఉన్నది కొడుకు. అంటే ఆమె భర్త. ఆస్పత్రికి ఆనుకుని ఉన్న మందుల కొట్టు చూసుకునేది అతనే. ఈ ఊళ్ళో వాళ్ళకు చినబాబు. కొడుకును తనలాగే పశువైద్యుణ్ణి చేయాలని పెద్దాయన చాలా ఆశపడ్డాడు. అతనికి సీటు రాలేదు, వచ్చేదాకా చదివే ఓపికా లేకపోయింది. ఆ సంగతి ఇంట్లో ఎవరూ ఎత్తరు. ఎత్తకపోయినా భోజనాల దగ్గర తండ్రీ కొడుకుల మధ్య అది రోజూ కూర్చునే ఉంటుంది.

"నువ్వు చూడాల్సిందిరా!" అంటున్నాడు పెద్ద డాక్టరు. ఆ గొంతులో అంత ఉత్సాహం ఆమె ఎన్నడూ వినలేదు. "నా చెయ్యి పట్టుకుని ఆపింది! నన్ను! ఇన్నాళ్ళకు మన ఇంట్లో ఒక డాక్టరు తయారైందిరా, ఇక నేను హాయిగా కాళ్ళు చాపుకుని కూర్చోవచ్చు."

ఆ మాట అవతల భర్తకు ఎక్కడ గుచ్చుకుంటుందో ఆమెకు తెలుసు. మనసు కొంచెం కలుక్కుమంది. ఇంటికెళ్ళాక సర్దిచెప్పుకోవచ్చులే అనుకుని, ఈలన్నకు రాత్రి జాగ్రత్తలు చెప్పడంలో పడింది.

"దాణా గింజ కూడా పెట్టొద్దు. ఎండుగడ్డి, నీళ్ళు, అంతే. ఎటూ నడిపించొద్దు. రేపు పొద్దున వస్తాను. మూత్రం పూర్తిగా తేటపడితే అప్పుడు వాపుకు ఇంజెక్షన్ వేస్తాం."

"అలాగేనమ్మా." ఈలన్న దుప్పటి సర్దుతూ తలూపాడు. "ఇవాళ పొద్దున చినబాబుగారు వేసిన ఇంజెక్షన్ లాంటిదేనా?"

చిన్న డాక్టరు చేతిలోని సిరంజి అలాగే ఆగిపోయింది.

"ఎవరు వేశారు?"

"చినబాబుగారేనమ్మా. పొద్దున్నే వచ్చారుగా. నిన్న సాయంత్రమే కాటుక కొంచెం కాళ్ళీడ్చింది. బాబుగారికి ఎవరు చెప్పారో మరి, వచ్చి మెడకు ఇంజెక్షన్ వేసి వెళ్ళారు. డాక్టర్లే పంపారన్నారు. వేశాక ఎంత చక్కగా నడిచిందనుకున్నారు! మేడమ్ అప్పటికి ఇంకా రాలేదు, వచ్చాక దాని నడక చూసి పరుగుకు తీశారు." ఆయన తలెత్తి చూసి తడబడ్డాడు. "మీకు తెలిసే ఉంటుందనుకున్నానమ్మా. పెద్దవాళ్ళు మాట్లాడుకుంటుంటే మధ్యలో నేనెందుకని..."

ఆమెకు ఇక వినబడలేదు. నిన్ననే బిగుస్తున్న కండలు. నొప్పి తెలియకుండా కప్పేసిన మందు. ఆ నొప్పి తెలియని గుర్రాన్ని ఎండలో పరుగెత్తించారు. అంటే ఇవాళ ఆమె ఆపింది మొదటి ఇంజెక్షన్ కాదు, రెండోది. ఆపకపోయి ఉంటే? ఒక్క రోజు కూడా వైద్యం చదవని మనిషి, ఎవరికీ చెప్పకుండా, ఆ గుర్రం మెడలో సూది ఎందుకు పొడిచాడు?

"అమ్మాయ్, ఇదిగో!" పెద్ద డాక్టరు గుమ్మంలోకి వచ్చాడు. తడిమొహం తుడుచుకోనైనా లేదు, నవ్వుతూ ఫోను చాచాడు. "నీ మొగుడు. నువ్వూ ఒకసారి చెప్పు, నేను గొప్పలు పోతున్నాననుకుంటున్నాడు."

ఆమె ఫోను అందుకుంది. కాటుక అవతలకు, గడ్డిమోపుల పక్కకు నడిచింది.

"పొద్దున కాటుకకి ఇంజెక్షన్ వేసింది మీరేనా?" అంది చాలా మెల్లగా.

అవతల ఏ చప్పుడూ లేదు. ఏ ఇంజెక్షన్ అని అడగలేదు. ఎవరు చెప్పారని అడగలేదు. ఊపిరి మాత్రం వినబడింది.

"నాన్నకు చెప్పావా?" అన్నాడు భర్త.

ఆమె బదులు చెప్పేలోపే ఫోను కట్టయింది.

తలెత్తేసరికి పెద్ద డాక్టరు దగ్గరికే వచ్చి నిలబడి ఉన్నాడు. సాయంత్రపు ఎండ ఆయన తడిమొహం మీద మెరుస్తోంది. ఆ కళ్ళలో పట్టనంత గర్వం ఉంది.

"ఏమన్నాడమ్మా మావాడు?" అన్నాడు. "సంతోషించాడా?"